శనగ సాగు, అమ్మకం: ఎర్ర శనగది ఒక దారి, తెల్ల శనగది మరో దారి

శనగ వేసే రైతు మొదట తేల్చుకోవాల్సింది విత్తన రకం గురించి కాదు, సరుకు కొనేది ఎవరన్న సంగతి. ఎర్ర శనగ (దేశవాళీ) పప్పు మిల్లుకు, పుట్నాల బట్టీకి, శనగపిండి ఆడించేవాళ్లకు పోతుంది. ఎంత పండినా మన దేశంలోనే తింటారు, చాలకపోతే ఆస్ట్రేలియా, టాంజానియాల నుంచి దిగుమతి కూడా చేసుకుంటారు. తెల్ల శనగ (కాబూలీ) ధర మాత్రం గింజ లావు మీద, రంగు మీద ఆధారపడుతుంది. ఎగుమతికి ఎక్కువగా పోయేది అదే. 2006లో పప్పుధాన్యాల ఎగుమతిపై కేంద్రం పెట్టిన నిషేధం నుంచి కూడా కాబూలీకి మినహాయింపు ఇచ్చారు. మిగతా పప్పుధాన్యాలన్నింటికీ తలుపు పూర్తిగా తెరిచింది 2017 నవంబరులోనే.

ఎర్ర శనగలో నష్టభయం తక్కువ, లాభానికీ ఒక హద్దు ఉంటుంది. మద్దతు ధర కొంత ఊతమిస్తుంది (2026-27 మార్కెటింగ్ సీజనుకు క్వింటాకు 5,875 రూపాయలు). తెల్ల శనగకు విత్తన ఖర్చు దాదాపు రెట్టింపు. అంతర్జాతీయ ధర పడిపోతే పట్టుకునేవాళ్లు ఉండరు. ప్రకాశం జిల్లాలో ఒకప్పుడు కాబూలీ నిల్వలు ఏళ్ల తరబడి శీతల గిడ్డంగుల్లో మగ్గిపోయింది ఇందుకే. అప్పు తెచ్చి కౌలుకు చేసేవాళ్లు పొలమంతా తెల్ల శనగ వేయకపోవడమే మేలు.

నేల, పదును

శనగకు నల్లరేగడి తగిన నేల. కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప, ప్రకాశం జిల్లాల రేగడిలో వానాకాలం నీటిని నేలలో దాచుకుని, ఆ పదునుతోనే శీతాకాలంలో పంట తీస్తారు. అంటే ఖరీఫులో భూమిని ఎంత బాగా చూసుకుంటే శనగ అంత బాగుంటుంది. వాన పడ్డ ప్రతిసారీ కలుపు మొలవగానే గుంటక తోలితే కలుపు పోతుంది, పైపొర వదులై కింది తేమ ఆవిరి కాదు. చౌడు నేలలు, ఉప్పు నేలలు, నీరు నిలిచే పల్లాలు దీనికి పనికిరావు. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లితే తేరుకుంటుంది. చాలామంది దీన్ని నత్రజని లోపమనుకుని యూరియా వేస్తారు. మొక్క ఏపుగా పెరుగుతుంది కానీ కాయ తగ్గుతుంది.

రాయలసీమలో అక్టోబరు, ప్రకాశం వైపు అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా విత్తుకోవచ్చు. తొందరపడి సెప్టెంబరు చివర్లో వేస్తే నేలలో వేడి, తడి రెండూ ఎక్కువగా ఉండి మొదలుకుళ్లు, ఎండు తెగులు మొలకలను తీసుకుపోతాయి. ఆలస్యమైతే ఫిబ్రవరి ఎండలకు పూత, కాయ దెబ్బతింటాయి. పగటి వేడి 35 డిగ్రీలు దాటాక వచ్చిన పూతలో నిలిచేది తక్కువే.

రకం, విత్తన మోతాదు

ఎర్ర శనగలో జేజీ-11 ఇప్పటికీ నమ్మదగ్గ రకం. పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఈ రకానికి ఎండు తెగులును తట్టుకునే శక్తి ఉంది, 95 నుంచి 100 రోజుల్లో చేతికొస్తుంది. దీని లోపం మొక్క పొట్టిగా, కొంచెం పరుచుకుని పెరగడం. కింది కాయలు నేలకు దగ్గరగా ఉండడంతో హార్వెస్టరు వాటిని వదిలేస్తుంది. యంత్రంతో కోయించాలనుకునేవాళ్లకు నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌బీఈజీ-47 (ధీర) నయం, నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. తెల్ల శనగలో కాక్-2, నంద్యాల నుంచే వచ్చిన ఎన్‌బీఈజీ-119 మన నేలలకు అలవాటైనవి.

విత్తన మోతాదును అలవాటు మీద కాకుండా గింజ బరువును బట్టి కట్టండి. సాళ్ల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. అంటే ఎకరాకు సుమారు 1.35 లక్షల మొక్కలు. కాబట్టి 100 గింజలు తూచి, ఆ గ్రాములను 1.35తో గుణిస్తే ఎకరాకు కావలసిన కిలోలు వస్తాయి. జేజీ-11 వంద గింజలు 22 గ్రాములుంటాయి కాబట్టి 30 కిలోలు. కాక్-2 వంద గింజలు 38 గ్రాములుంటే 51 కిలోలు. మొలక శాతం తక్కువైతే ఆ మేరకు పెంచుకోవాలి. తడి గోనెసంచిలో 100 గింజలు చుట్టిపెట్టి, వారానికి విప్పి లెక్కపెడితే మొలక శాతం తెలిసిపోతుంది. 85కి తగ్గితే ఆ విత్తనం మార్చడమే మంచిది. హార్వెస్టరుతో కోసిన తెల్ల శనగను విత్తనానికి ఉంచుకుంటే ఈ పరీక్ష తప్పనిసరి. దాని పైపొట్టు పలచన, నూర్చే డ్రమ్ము దెబ్బకు కంటికి కనిపించని పగుళ్లు పడి నేలలో కుళ్లిపోతుంది.

విత్తనశుద్ధికి కిలోకు 1.5 గ్రాముల టెబ్యుకోనజోల్ 2 డీఎస్ లేదా 3 గ్రాముల థైరమ్ పట్టించాలి. రసాయనం వద్దనుకుంటే కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) వాడొచ్చు. రెండూ ఒకేసారి కలిపితే మాత్రం శిలీంధ్రనాశని ట్రైకోడెర్మానే చంపేస్తుంది, డబ్బు వృథా. శనగ మొదటిసారి వేసే పొలమైతే రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) తప్పక పట్టించండి. 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం మరిగించి చల్లార్చి, 8 నుంచి 10 కిలోల గింజలకు పట్టేలా కలిపి, పైన 200 గ్రాముల రైజోబియం పొడి చల్లి, నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి. రసాయన శుద్ధి ముందు, రైజోబియం చివర. ఈ వరుస తిరగబడకూడదు.

విత్తడం, ఎరువు, కలుపు

గింజ 5 నుంచి 8 సెం.మీ. లోతున, తడి మట్టి మీద కూర్చోవాలి. పైపొర ఆరిపోయిన రేగడిలో గొర్రును పైపైన తోలితే సగం గింజలు పొడి మట్టిలో ఉండిపోయి మొలక బొక్కిగా వస్తుంది. పొలంలో నాలుగైదు చోట్ల వేలు దింపి తడి ఎక్కడ తగులుతుందో చూసుకుని లోతు సరిచేయండి.

ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 16 కిలోల గంధకం కావాలి. ఒక 50 కిలోల డీఏపీ బస్తా నత్రజని, భాస్వరాలకు సరిపోతుంది కానీ గంధకం ఇవ్వదు. 18 కిలోల యూరియాతో పాటు 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే గంధకం కూడా చాలావరకు అందుతుంది. ఏదైనా దుక్కిలోనే. డీఏపీని విత్తనంతో కలిపి ఒకే గొట్టంలో పోయడం చాలా ఊళ్లలో చూస్తాం, గింజకు తగిలిన ఎరువు మొలకను కాల్చేస్తుంది, పట్టించిన రైజోబియమూ చస్తుంది. ఎరువుకు, విత్తనానికి వేరువేరు గొట్టాలున్న గొర్రు దొరక్కపోతే ఎరువు ముందు తోలి, ఆ తర్వాత విత్తనం వేయండి.

విత్తిన రోజు గానీ మర్నాడు గానీ పెండిమిథాలిన్ 30 శాతం కలుపుమందు ఎకరాకు 1 నుంచి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి నేల తడిసేలా చల్లాలి. పైపొర పూర్తిగా ఎండిపోయి ఉంటే ఈ మందు పనిచేయదు, అప్పుడు 20-25 రోజులకు ఒకసారి, మరో పది రోజులకు ఇంకోసారి గుంటక తోలడమే దారి. వేరుశనగలో, సోయాచిక్కుడులో వాడి మిగిలిన ఇమాజితాపిర్ కలుపుమందు డబ్బాను శనగ మీద ఖాళీ చేయొద్దు. మొక్క పసుపెక్కి గిడసబారిపోతుంది.

30-35 రోజులకు పదును బాగుండి మొక్క ఏపుగా ఉంటే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, తుంచిన చిగురు ఇంట్లో కూరకూ పనికొస్తుంది. నేల ఆరిపోయిన చేలో మాత్రం తుంచకండి. చేలో తిరిగేటప్పుడు కాళ్లకు గుడ్డ కట్టుకోవాలి, శనగ ఆకుల మీద ఉండే పులుపు ఆమ్లం చర్మాన్ని మండిస్తుంది.

నీటి వసతి ఉంటే రెండు తడులు చాలు, పూతకు ముందు ఒకటి (30-35 రోజులకు), కాయలో గింజ పాలుపట్టేటప్పుడు ఒకటి (55-60 రోజులకు). పూత నిండుగా ఉన్నప్పుడు తడిపెడితే మొక్క మళ్లీ కొమ్మలు వేసి పూత రాలుస్తుంది. రేగడిలో కాలువ నీళ్ల కన్నా స్ప్రింక్లరు మేలు. మడి నిండేలా కట్టిన నీళ్లతో రెండు రోజుల్లో మొక్కలు వాడిపోయిన పొలాలు ఎన్నో.

చచ్చిన మొక్కను పీకి చూడండి

ఎండిన మొక్క కనబడగానే మందు కొట్టేసే అలవాటు శనగలో పనికిరాదు. మూడు తెగుళ్లు పైకి ఒకేలా కనిపిస్తాయి, పీకి చూస్తేనే తేడా తెలుస్తుంది. మొలకెత్తిన కొద్ది వారాల్లో చనిపోయి, మొదట్లో తెల్లని బూజు, ఆవగింజల్లాంటి ఉండలు ఉంటే అది మొదలుకుళ్లు. కారణం తడి ఎక్కువవడం, ముందు పంట మోళ్లు సరిగా కుళ్లకపోవడం. కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల ముదురు గోధుమ గీత కనిపిస్తే ఎండు తెగులు. ఈ శిలీంధ్రం నేలలో ఆరేళ్ల దాకా బతుకుతుంది. పిచికారీతో పోదు, తట్టుకునే రకం వేయడం, జొన్న లేదా మొక్కజొన్నతో పంట మార్చడం తప్ప మందు లేదు. పూత, కాయ దశలో ఎండ పెరిగి నేల ఆరినప్పుడు మొక్క గడ్డిరంగుకు మారి, పీకితే పక్క వేళ్లు లేక తల్లివేరు పుటుక్కున విరిగిపోతే ఎండువేరుకుళ్లు. దీనికి ఒక తేలికపాటి తడి ఇవ్వగలిగితే చాలావరకు ఆగుతుంది.

పురుగుల్లో రెండింటిని గుర్తుంచుకోండి. తొలి నెలలో లేత ఆకుల్ని గూడుగా అల్లి జల్లెడలా తినేది రబ్బరు పురుగు. దీనికి లీటరు నీటికి 1 మి.లీ. నొవాల్యురాన్. మొగ్గ దశ నుంచి వచ్చేది శనగపచ్చ పురుగు, తల కాయలోకి దూర్చి, ఒళ్లు బయటే ఉంచి గింజ తింటుంది. ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు, 20 పక్షి స్థావరాలు పెట్టండి. విత్తేటప్పుడే చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న, మధ్యలో అక్కడక్కడ ధనియాలు వేస్తే మిత్రపురుగులు చేరతాయి. గుడ్ల దశలో 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ., చిన్న పురుగులున్నప్పుడు ఎకరాకు 200 ఎల్‌ఈల (ఈ మందు కొలత) ఎన్‌పీవీ (పురుగును చంపే వైరస్) ద్రావణం. ఇది ఎండకు చెడిపోతుంది కాబట్టి బెల్లం, బట్టలకు పెట్టే నీలిమందు కాస్త కలిపి సాయంత్రం పూట చల్లాలి. మీటరు సాలుకు ఒక పురుగు కంటే ఎక్కువ కనిపిస్తేనే రసాయనం, అదీ ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం లీటరుకు 0.4 గ్రాములు గానీ, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం లీటరుకు 0.3 మి.లీ. గానీ. పురుగు బొటనవేలంత అయ్యాక ఏ మందు కొట్టినా డబ్బు పోవడమే. మబ్బు పట్టిన రోజుల్లో ఉదయం, సాయంత్రం చేను చూసుకోవాలి.

సరుకు ఎగుమతికి పోతుందనుకుంటే మందుల చీటీ రాసిపెట్టుకోండి, ఏ మందు, ఏ తేదీ, ఎంత అని. ఐరోపాలో క్లోరిపైరిఫాస్ పురుగుమందు అవశేషానికి కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించి ఒప్పుకోరు. ఒక రైతు కొట్టిన మందుకు మొత్తం కంటైనరు వెనక్కి వస్తుంది. పంట త్వరగా ఎండాలని కోతకు ముందు గడ్డిమందు కొట్టే పద్ధతి పాకుతోంది, ఎగుమతి సరుకులో దాన్ని దగ్గరకు రానివ్వకూడదు.

కోత, ఆరబోత, నిల్వ

ఆకులు రాలి, కాయ గోధుమరంగుకు మారి, ఊపితే గలగలమంటే కోతకొచ్చినట్టు. చేత్తో పీకేవాళ్లు మంచు ఉన్న తెల్లవారుజామున మొదలుపెట్టాలి, ఎండెక్కితే కాయలు రాలిపోతాయి. తెల్ల శనగను చేలో అతిగా ఎండనివ్వొద్దు. ఒక్క వాన తగిలితే గింజ రంగు మారి ధర పడిపోతుంది. హార్వెస్టరు అయితే డ్రమ్ము వేగం తగ్గించి, కాన్కేవు (డ్రమ్ము కింది జాలీ) సందు పెంచమని అడగండి. మొదటి ట్యాంకులోంచి గుప్పెడు తీసి వంద గింజల్లో ఎన్ని పగిలాయో లెక్కపెట్టాకే పని సాగనివ్వండి. కటింగ్ బ్లేడు మరీ కిందికి దించితే మట్టిబెడ్డలు వస్తాయి. గింజంత బెడ్డ జల్లెడలో పోదు, మిల్లరు దాని పేరు చెప్పి తరుగు ఎక్కువ తీస్తాడు.

టార్పాలిన్ మీద ఆరబోసి 10 శాతం తేమకు తేవాలి. నెమ్ము మీటరు లేకపోతే పంటి కింద పెట్టి కొరకండి. చటుక్కున రెండు ముక్కలైతే ఆరినట్టు, నలిగితే ఇంకా ఆరాలి. గోనెసంచిలో నిల్వ చేస్తే మూడు నెలల్లో పుచ్చు పురుగు పొడి చేసేస్తుంది. పొలంలోనే కాయ మీద గుడ్లు పెట్టి ఇంటికి చేరుతుంది ఇది. గాలి చొరబడని మూడు పొరల సంచుల్లో గట్టిగా మూతి కడితే లోపలున్న పురుగు ఊపిరాడక చస్తుంది. ఫాస్ఫీన్ బిళ్లలు ఇంట్లో, పడుకునే గది పక్కన వాడకండి, ప్రాణాలు పోతాయి. అది లైసెన్సున్న పొగబెట్టేవాళ్ల పని.

స్థానిక అమ్మకం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకంతా ఒక్కసారిగా వచ్చి ధర తగ్గుతుంది. వినాయక చవితి నుంచి దీపావళి దాకా శనగపిండి గిరాకీతో పెరగాలి. పెరుగుతుందా లేదా అన్నది దిగుమతి సుంకం చేతిలో ఉంటుంది. దేశవాళీ శనగ దిగుమతిపై 2024 మేలో సుంకం ఎత్తేశారు, 2025 ఏప్రిల్ 1 నుంచి 10 శాతం వేశారు. శనగపిండిలో కలిసే పసుపు బఠానీకి 2023 డిసెంబరులో సుంకం తీసేసినప్పుడు ఆ భారం శనగ మీదే పడింది. ఆస్ట్రేలియా పంట అక్టోబరు నుంచి కోతకొస్తుంది, మన సరుకు యార్డుకు చేరేలోపే రేవుల్లో దిగుతుంది. విత్తే ముందు ఈ వార్తలు చూడటం అలవాటు చేసుకోండి.

దాచి అమ్మాలనుకుంటే లెక్క ఇలా కట్టండి. క్వింటా 5,875 రూపాయల సరుకును ఆరు నెలలు ఉంచితే, నూటికి రూపాయి వడ్డీ మీద సుమారు 350. తేమ 12 నుంచి 10 శాతానికి దిగితే క్వింటాకు 2.2 కిలోల బరువు పోతుంది, అంటే మరో 130. దానికి గిడ్డంగి అద్దె, హమాలీ, రవాణా కలపండి. ధర 600 పైన పెరగకపోతే దాచినందుకు మిగిలింది పురుగు భయమే. నమోదైన గిడ్డంగిలో పెట్టి రసీదు మీద అప్పు తీసుకుంటే కనీసం చేతిలో డబ్బుంటుంది.

మద్దతు ధర కేంద్రానికి అమ్మాలంటే ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట (ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ రికార్డు) నమోదు ఉండాలి, కౌలు రైతులు తమ పేరు ఎక్కిందో లేదో కోతకు ముందే చూసుకోవాలి. మట్టి, చెత్త ఒక శాతం దాటితే సరుకు తిప్పిపంపుతారు. ఇంటి దగ్గరే ఒకసారి తూర్పారబట్టి జల్లెడ పట్టడం అద్దె లారీ కిరాయి రెండుసార్లు కట్టడం కన్నా చౌక. వ్యాపారికి అమ్మితే ముందే సంచి బరువు, తరుగు ఎంతో మాట్లాడుకుని, కాటా మీ కళ్ల ముందే వేయించండి.

ఎగుమతికి

ఒంటరి రైతు నేరుగా ఎగుమతి చేయడం కుదిరే పని కాదు. 20 అడుగుల కంటైనరులో సుమారు 25 టన్నులు పడతాయి. ఎకరాకు 7 క్వింటాళ్ల చొప్పున చూసినా, గ్రేడింగులో 15 శాతం పోతే 40 ఎకరాలకు పైగా ఒకే రకం, ఒకే నాణ్యత సరుకు కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని ద్వారా, లేదా ఎగుమతిదారుకు గ్రేడు చేసిన సరుకు అందించడం ద్వారా మాత్రమే సాధ్యం.

తెల్ల శనగకు ధర లెక్కించేది కౌంటు మీద, అంటే ఒక ఔన్సు (28.35 గ్రాములు) లో ఎన్ని గింజలు పడతాయని. తక్కువ కౌంటు అంటే లావు గింజ. 42-44 కౌంటు పెద్ద గింజకు పై ధర, 58-60 మధ్యరకం. వంద గింజలు 38 గ్రాములుండే కాక్-2 లెక్క వేస్తే 74-75 దగ్గర పడుతుంది. కాబట్టి 42 కౌంటు ధర విని కాక్-2 వేసి ఆశపడితే నిరాశే. 8, 9, 10 మి.మీ. గుండ్రటి రంధ్రాల జల్లెడలతో విడగొట్టి, లావు గింజను వేరుగా, మిగతాది లోకల్ మార్కెట్టుకు వేరుగా అమ్మితేనే లాభం. కలిపి ఇస్తే మొత్తానికి చిన్న గింజ ధరే కడతారు.

ఎగుమతిదారు దగ్గర ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడు), అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) సభ్యత్వం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు ఉండాలి. సరుకుతో పాటు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగు, తెగులు లేవనే పత్రం), పొగబెట్టిన ధ్రువపత్రం, సరుకు ఏ దేశానిదో తెలిపే ధ్రువపత్రం పోతాయి. తనిఖీలో ఒక్క సజీవ పురుగు దొరికినా ఫైటో రాదు. పాత సంచులు వాడొద్దు, వాటి కుట్లలో ఖాప్రా పురుగు దాక్కుంటుంది, అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు దానితో వచ్చిన సరుకును రానివ్వవు. తేమ 12 శాతం దాటిన సరుకు ఓడలో చెమట పట్టి బూజు వాసన కొడుతుంది, దిగుమతిదారు అక్కడే ధర కోస్తాడు.

ఒప్పందంలో కౌంటు, తేమ, పగిలిన గింజ, మట్టి శాతాలు అంకెల్లో రాయించండి. "మంచి రకం" అన్న మాటకు రేవులో విలువ లేదు. లోడింగు రోజు అందరి ఎదుట తీసిన శాంపిలు నాలుగు పొట్లాలు చేసి సీలు వేసి, కొన్నవాళ్లకు రెండు ఇచ్చి, రెండు మీ దగ్గర ఉంచుకోండి. డబ్బు పూర్తిగా చేతికందేదాకా వాటి సీలు తీయకండి.